నీళ్లు పట్టిన రాయి

ఆ ఇంట్లో మొదటి నత్తను కనిపెట్టింది జెస్సికా కాదు, హెడ్మాస్టరు.

హెడ్మాస్టరంటే చేప. నంద్యాలలో వాళ్లింటి ముందర గదిలో అద్దాల తొట్టె ఒకటుంది. అందులో మిగిలిన ఒకే ఒక్క ఏంజెల్ ఫిష్ అది. జెస్సికా వాళ్ల నాయన ఫ్రాన్సిస్ సారు, లెక్కల టీచరు, ముచ్చటపడి తెచ్చుకున్నాడు. ఇంటికి ఎవరొచ్చినా అద్దం దాకా వచ్చి, హోంవర్కు చేయని పిల్లోణ్ణి చూసినట్టు కిందా మీదా చూస్తుందని ఆ పేరు పెట్టింది కూడా ఆయనే. సారు పోయి ఏడాది కావస్తాంది. చేప మాత్రం ఇప్పటికీ ఎవర్నీ పాస్ చేయలేదు.

అట్లాంటి చేప ఆ పొద్దున మనుషులకు వీపు తిప్పి, తొట్టె మూలలో ఉన్న నల్లరాయి ముక్కకు ఎదురుగా కదలకుండా నిలబడి ఉంది. జెస్సికా మేత వేసింది. రాలేదు. అద్దం మీద గోటితో తట్టింది. తిరగలేదు. ఏం చూస్తాందబ్బా అని వంగి చూస్తే, రాయి మీద ఒక నత్త. బియ్యపు గింజ కంటే చిన్నది. నల్లగా, మొన తేలి, స్క్రూ మాదిరి మెలితిరిగి. దాని పక్కన ఇంకోటి. రాయి అంచున ఇంకొన్ని.

కొత్త మొక్క వేసి ఉంటే అర్థముండేది. అంగట్లో కొన్న నీటిమొక్కల ఆకుల కింద నత్త గుడ్లు అంటుకోని వస్తాయి, చేపలు పెంచేవాళ్లందరికీ తెలిసిన పీడే అది. ఈ తొట్టెలో ఉన్నవన్నీ ప్లాస్టిక్ మొక్కలు. కొత్త చేప రాలేదు, కొత్త ఇసక రాలేదు. కొత్తగా వచ్చింది ఆ రాయి ముక్క ఒకటే. దాన్ని తెచ్చింది జెస్సికానే.

రాయి సంగతి చెప్పాలంటే సమాధి సంగతి చెప్పాలి.

సారు సమాధి మీద ఏం కట్టించాలన్న దగ్గర ఇంట్లో పెద్ద పంచాయితీ నడిచింది. అమ్మ లూదియా అందరి మాదిరే సిమెంటు దిమ్మ కట్టి తెల్ల టైల్స్ వేయిద్దామనింది. జోసెఫ్ మామ తన బాత్రూంకు కొన్న అంగడి అడ్రస్ కూడా ఇచ్చినాడు. జెస్సికా ఒప్పుకోలేదు. బతుకంతా నల్లబల్ల ముందర నిలబడిన మనిషి పైన బాత్రూం టైల్స్ పరుస్తారా అని కొట్లాడింది. బడిలో చాలదని ఇంట్లో కూడా ముందర గది గోడకు నల్లరంగు కొట్టించి ట్యూషన్ చెప్పిన మనిషాయన. లెక్క అయిపోతే జవాబు కింద రెండు గీతలు గీసి, సుద్దముక్కతో టక్కుమని ఒక పోటు పొడుస్తాడు. ఆ టక్కు వినపడితే చాలు, పిల్లలు పుస్తకాలు మూసేస్తారు. వంటింట్లో లూదియా పొయ్యి మీద పాలు పెడుతుంది.

అందుకని ఆళ్లగడ్డ నల్లరాయే కావాలనింది జెస్సికా. విగ్రహాలు చెక్కే రాయి మనకెందుకే, గుడి కడతాండామా అని మామ నవ్వినాడు. ఆమె వినలేదు. చివరికి లూదియానే, సరే, ఆ రాయి నీ పూచీ అనేసింది. అంతే. సారు పోయి ఏడాదైన రోజు పెట్టే ప్రార్థన కూడిక నాటికి రాయి పడాలి, దానికి ఏ వంకా ఉండకూడదు. నాయనకు ఆమె చేయగలిగింది ఇంక అదొక్కటే మిగిలింది.

ఇంజనీరింగ్‌లో ఆమె క్లాస్‌మేటు సంపత్ ఇప్పుడు ఆళ్లగడ్డలో వాళ్ల తాత షెడ్డులో కోత మిషన్లు చూసుకుంటాడు. కోడింగు కంటే రాయే మేలు, తప్పు చేస్తే ఆ పొద్దే తెలుస్తాది అంటాడు. ఆ షెడ్డు వెనక, ఎండలో, ముళ్లకంప పక్కన ఒక పొడుగు రాయి పడుండింది. పగులు లేదు, మచ్చ లేదు. ఇంత మంచి రాయి ఈడెందుకు పారేసినారని అడిగితే, గుడికని తెచ్చినాం, వాళ్లకు కుదర్లేదులే అని సంపత్ మాట తిప్పేసినాడు. దానికి తలవైపు గుండ్రంగా కోయించి, సిలువా పేరూ చెక్కించినారు. కోసిన మూల ముక్కను జెస్సికా అడిగి తెచ్చుకుని, కడిగి, నాయన తొట్టెలో పెట్టింది. సమాధి మీద ఒక ముక్క, ఇంట్లో ఒక ముక్క. బాగుంటుందనుకునింది.

పెద్దరాయి పోయిన వారమే వచ్చి సమాధి మీద కూర్చునింది. సుబ్బయ్య మేస్త్రీ చుట్టూ సిమెంటు పూసి, దినం నీళ్లు పట్టండమ్మా, లేకుంటే పగుల్తాది అని చెప్పిపోయినాడు. ఆ పని లూదియా తీసుకునింది. ఎండ తగ్గితే స్టీలు బిందె చంకన పెట్టుకుని సమాధుల తోటకు పోతుంది. శనివారం కూడిక. పాస్టరు ఎజ్రా అయ్యగారు వస్తారు, చుట్టాలంతా వస్తారు, ప్రార్థన కళ్లు మూసుకుని చేసినా రాయిని కళ్లు తెరిచే చూస్తారు.

ఇట్లాంటప్పుడు నత్తలొచ్చినాయి.

జెస్సికా హైదరాబాదు కంపెనీకి ఇంట్లోంచే టెస్టింగు చేస్తుంది. ఒకరు రాసిన ప్రోగ్రాము యాడ విరుగుతుందో కనిపెట్టి, ఎట్లా విరిగిందో రాసి పంపడం ఆమె పని. ఏదీ గాల్లోంచి ఊడిపడదు, వచ్చిందంటే దోవ ఉన్నట్టే అనేది ఆమె నమ్మకం. ఆదివారం చర్చిలో నమ్మేది వేరే.

ముందు ఇవేం నత్తలో తెలియాలి. తొట్టెల్లో పిలవకుండా వచ్చేవి మామూలుగా మూడు రకాలు. ఒకటి పొట్టేలు కొమ్ము మాదిరి చదునుగా చుట్టుకున్నది. రెండోది పల్చటి గుల్లతో కందిగింజంత ఉండేది, దాని నోరు ఎడమవైపు తెరుచుకుంటుంది. మూడోది పొడుగ్గా మొన తేలినది, పగలంతా ఇసకలో దాక్కుని లైటు ఆర్పితే బయటికొస్తుంది, గుడ్లు పెట్టదు, నేరుగా పిల్లల్నే కంటుంది. దాని నోరు కుడివైపు. జెస్సికా నత్తలు పొడుగ్గా మొన తేలి ఉన్నాయి కాబట్టి మూడో రకం అనుకునింది. భూతద్దం పెట్టి చూస్తే నోరు ఎడమవైపుంది. అట్లాంటిది ఏ పేజీలోనూ లేదు. ఫోన్‌లో యాప్ ఒకసారి నత్త అనింది, ఒకసారి మేకు అనింది, ఒకసారి మిరియం అనింది.

చేపలు పెంచేవాళ్ల గ్రూపులో ఫోటో పెట్టింది. మేడం, ముందర కెమెరాతో తీస్తే కుడి ఎడమవుతాది, వెనక కెమెరాతో తీయండి అని ఒకాయన పాఠం చెప్పినాడు. టెస్టింగు చేసేవాళ్లకు కెమెరా తిప్పడం నేర్పించే మనిషి లేకుండా ఏ గ్రూపూ ఉండదు. ఈసారి ఆమె తన ఆఫీసు ఐడీ కార్డు పక్కన పెట్టి, అక్షరాలు సరిగ్గా కనపడేట్టు తీసి పంపింది. తర్వాత ఇంకెవరో, ఇది ఏ ఊరిది అని అడిగినారు. జెస్సికా బదులు టైపు చేసేలోపల ఆ మెసేజి తీసేసినారు.

సరే, పేరు తెలియకపోయినా పని ఆపకూడదు. మేత ఎక్కువైతే నత్తలు పెరుగుతాయి కాబట్టి మేత సగం చేసింది. సాయంత్రం కీరా ముక్క ఒకటి నీళ్లలో దించింది. నత్తలు దాని మీదికి ఎక్కుతాయి, తెల్లారి ముక్కతో సహా తీసి పారేయొచ్చు. తెల్లారి చూస్తే కీరా శుభ్రంగా ఉంది. ఒక్కటి కూడా దాని మొహం చూడలేదు. అద్దం మీద లేవు, ఇసకలో లేవు, ప్లాస్టిక్ ఆకుల మీద లేవు. రాయి మీదే ఉన్నాయి. రాయినే తింటాండాయి.

చేపల అంగడాయన రాగి మందు చుక్కలేస్తే పొద్దునకల్లా చస్తాయన్నాడు. నిజమే, చస్తాయి. అన్నీ ఒకేసారి చచ్చి కుళ్లితే నీళ్లు విషమై చేప కూడా పోతుంది. హెడ్మాస్టరును చంపి నత్తల్ని గెలిచేంత మొండిది కాదు జెస్సికా. చిన్న చిమటా తీసుకుని ఒక్కొక్కదాన్నే ఏరి ఉప్పునీళ్లలో వేసింది. కాలవలో పారేస్తే ఊరంతా పాకుతాయని యాడనో చదివింది. రాయి నున్నగా, ఖాళీగా మిగిలింది. మరుసటి రోజు చూస్తే మళ్లీ అంతే ఉన్నాయి.

ఆ సాయంత్రం కరెంటు పోయింది. ఫిల్టరు ఆగింది, ఫ్యాను ఆగింది, పక్కింట్లో సీరియల్ ఆగింది. ఆ నిశ్శబ్దంలో తొట్టెలోంచి చప్పుడు వినపడింది. గీకినట్టు. ఆగి మళ్లీ గీకినట్టు. నత్త నాలుక ఆకురాయి మాదిరి ఉంటుందని, పాచిని గీరి తింటుందని జెస్సికాకు తెలుసు. తెలిసిన చప్పుడు భయపెట్టకూడదు. కానీ ఇది ఇంకో రకంగా కూడా తెలిసిన చప్పుడు. యాడ విన్నానో నాలుక మీదుంది, బయటికి రాలేదు.

వంటింట్లో లూదియా గరిటె కింద పెట్టింది. గుమ్మం దగ్గరికొచ్చి, తల కొంచెం పక్కకు వంచి నిలబడింది.

"టీవీ పెట్టినావా?"

"కరెంటు లేదు గదమ్మా."

లూదియా చప్పుడు ఆగేదాకా ఆడనే నిలబడి, ఆగినాక లోపలికి పోయి పొయ్యి మీద పాలు పెట్టింది. రాత్రి ఆ ఇంట్లో పాలు తాగేవాళ్లు ఎవరూ లేరు. సారు పోయినప్పట్నుంచీ లేరు.

మరుసటి రోజు జెస్సికా రాయిని బయటికి తీసింది. అనుమానం ఉన్నదాన్ని ఒక్కదాన్నే వేరు చేసి చూడాలి, ఆమె చదువు చెప్పేది అదే. పాత గిన్నెలో వేసి మసలబెట్టింది.

"రాయిని ఉడకబెడతాండావా? ఉప్పేసినావా మరి?" అనింది లూదియా.

ఉప్పు కూడా వేసింది. తర్వాత మిద్దె మీద మిట్టమధ్యాహ్నపు ఎండలో ఎండబెట్టింది. కొత్త బకెట్టు కొని, క్యాను నీళ్లు పోసి, రాయి ఒక్కదాన్నే అందులో దించి, పైన మూత పెట్టి, మూత మీద సారు నిఘంటువు బరువు పెట్టింది. తొట్టెలో నత్తలు ఆ పూటే కనపడకుండా పోయినాయి. హెడ్మాస్టరు మాత్రం ఖాళీ మూల వైపే చూస్తా నిలబడింది.

"ఆ రాయి యాడబెట్టినావ్?" అని లూదియా రెండుసార్లు అడిగింది. ఇల్లు బోసిగా ఉందనింది.

శుక్రవారం పొద్దున మూత తీస్తే రాయి కనపడలేదు. నత్తలే కనపడినాయి. ఇంకా రంగు కూడా రాని, గాజు మాదిరి కూనలు, ఒకదాని మీదొకటి రాయంతా కప్పేసి ఉన్నాయి. ఆఫీసులో అయితే బగ్గు మళ్లీ తెప్పించి చూపించినందుకు మేనేజరు మెచ్చుకుంటాడు. ఇంట్లో జెస్సికా రెండడుగులు వెనక్కి వేసి, మళ్లీ దగ్గరికొచ్చింది. చిమటాతో ఒక మూల గీరి చూసింది. నున్నటి రాయిలో సూది దూరేంత రంధ్రాలు, కోసిన రోజు లేనివి. ఒకదాంట్లోంచి మొన ఒకటి బయటికి వస్తాంది. బయట్నుంచి లోపలికి తొలుచుకోని పోవడం కాదు.

ఇదే రాయి మిగతాది నాయన మీద పరిచి ఉంది. తెల్లారితే కూడిక.

ఆమె రాయిని తడిగుడ్డలో చుట్టి, టిఫిను డబ్బాలో పెట్టి, ఆళ్లగడ్డ బస్సెక్కింది.

షెడ్డులో సంపత్ రాతిపొడి కొట్టుకుపోయి, పిండి మరలో పని చేసేవాని మాదిరి ఉన్నాడు. చుట్టూ సగం చెక్కిన దేవుళ్లు, కొందరికి చేతులు రాలేదు, కొందరికి ఇంకా కళ్లు రాలేదు. జెస్సికా డబ్బా మూత తీసి చూపించింది. సంపత్ లోపలికి చూసి, మిషన్ ఆపి, ఆమె మొహం చూడకుండా, తాతను పిలుస్తా అని పోయినాడు.

వరదరాజులు తాత మెత్తనోడు కాదు. చెవులు సరిగ్గా వినపడవు, రాయి చప్పుడు తప్ప. ఆ ప్రాంతంలో రాయిని తనంతగా కొట్టి చూసేవాడు లేడని ఎవరూ అడగకపోయినా చెప్తాడు. డబ్బాలో వేలు పెట్టి ఒక నత్తను తీసి, అరచేతిలో దొర్లించి చూసినాడు.

"లోపలుండేది కప్ప అనుకుంటి," అన్నాడు, పరీక్షలో ఒక మార్కు తగ్గినట్టు. "నత్తలా."

తర్వాత ఆయన చెప్పింది ఇది. రాయి తెస్తే ముందు సుత్తితో కొట్టి వినాలి. గంట మాదిరి పలికితే మంచిది. నిండుకుండ మాదిరి పలికితే లోపలేదో ఉన్నట్టు. అప్పుడు పాలల్లో మూలికలు నూరి రాయికి పట్టించి ఒక రాత్రి ఉంచితే, లోపల ప్రాణమున్న చోట ఉంగరం మాదిరి రంగు తేలుతుంది. దాన్ని గర్భం రాయి అంటారు. ఆ పొడుగు రాయికి ఉంగరం తేలింది. గుడివాళ్లకు వద్దని చెప్పి, వెనక ఎండలో పడేయించింది తనే.

"మరి మాకెందుకు ఇచ్చినారు తాతా?"

వరదరాజులు ఆమె గొంతు పెంచిందన్న కోపంతో గాదు, సరిగ్గా వినపడిందనే సంతోషంతో బదులిచ్చినాడు. "దేవునికి దినం అభిషేకం పాపా. నీళ్లు, పాలు. తాగి తాగి లోపలిది పెరుగుతాది. ఒకనాడు దేవుని మొగం చీల్చుకోనొస్తాది. అందుకే పనికిరాదు. సమాధికైతే ఏమి? మీరు అభిషేకాలు జెయ్యరు. ఏడాదికొకతూరి పూలు పెడతారు, ఒత్తి ముట్టిస్తారు. మీకివన్నీ పట్టవు గదా అని నేనే ఇయ్యమంటి."

"మాకు పట్టవు. నత్తలకు పట్టినట్టుంది."

సంపత్ నేలకేసి చూసినాడు. మొదటే చెప్పాల్సింది జెస్సికా, చెప్తే నవ్వుతావనుకున్నా అని గొణిగినాడు. నవ్వి ఉండేదే. ఆ మాట నిజమని ఇద్దరికీ తెలుసు.

బయటికొస్తే ఏమవుతుందని ఆమె అడిగింది. తాత ఆలోచించినాడు. వాళ్ల వంశంలో ఎవరూ రానివ్వలేదంట. నీళ్లు తగలకుండా ఎండలో పడేస్తారు, లోపలిది లోపలే ఎండిపోతుంది, అంతవరకే ఆయన నాయన చెప్పినాడు. వచ్చినాక ఏం చేయాలో చెప్పలేదు.

"భయపడొద్దులే," అన్నాడు చివరికి. "మీ సమాధికి నీళ్లెవురు పోస్తారు?"

జెస్సికా టిఫిను డబ్బా మూత పెట్టేసింది. ఆమె కళ్లకు స్టీలు బిందె కనపడింది.

బస్సులోంచి అమ్మకు ఫోన్ చేస్తే మోగింది, ఎత్తలేదు. సమాధుల తోటకు పోయేటప్పుడు ఫోన్ ఇంట్లో పెట్టి పోవడం లూదియాకు అలవాటు. ఆడ మాట్లాడాల్సిన మనిషికి ఫోన్ లేదు గదా అంటుంది. జెస్సికా సుబ్బయ్య మేస్త్రీకి చేసింది. రాయి లేపేయాలి, ఈ పొద్దే, మనుషుల్ని తెమ్మని చెప్పింది. నిన్న గాక మొన్న పరిచింది లేపేదేందమ్మా, అదేమన్నా దుప్పటా అన్నాడాయన. సరే, దొర్నిపాడులో పని మీద ఉండా, మనుషులు దొరికితే నేనే ఫోన్ చేస్తా అని పెట్టేసినాడు. రోడ్డు పక్కన పొలాలకు నీళ్లు పారతాండాయి. దారి పొడుగునా ఆమెకు కనపడింది నీళ్లే.

తోటలోకి పోయేసరికి ఎండ పచ్చబడి, సిలువల నీడలు పొడుగ్గా సాగుతాండాయి. గోడవార తుమ్మచెట్ల పక్కన కొళాయి, అది దాటి నాలుగు వరసల అవతల నాయన. లూదియా సమాధి పక్కన కూర్చొని ఉంది. ఖాళీ బిందె ఒళ్లో ఉంది. రాయి తడిసి నల్లగా మెరుస్తాంది.

దగ్గరికి పోతే తెలిసింది, మెరిసేది నీళ్లు ఒక్కటే కాదు. రాయంతా సన్నటి వెండి గీతలు, మూల నుంచి మూలకు, ఒకదాన్నొకటి దాటుకుంటా. చెక్కిన అక్షరాల్లో నీళ్లు నిలిచినాయి. ఆ నీళ్లలో నత్తలు నిండిపోయి ఉన్నాయి, ఒకదాని పక్కన ఒకటి, గాడి నిండా. ఫ్రాన్సిస్ అన్న పేరు మెల్లగా కదుల్తాంది.

జెస్సికా ఒక అడుగు దూరంలో ఆగింది.

"ఎప్పట్నుంచి?" అనింది.

"మొన్నట్నుంచి ఇంత. ముందు ఒగటీ అరా ఉండె."

"నాకెందుకు చెప్పలా?"

"చెప్తే ఏం జేస్తావ్? ఉప్పేస్తావ్."

లూదియా మొహంలో భయం లేదు. అదే జెస్సికాను ఎక్కువ భయపెట్టింది. ఆమె అమ్మ పక్కన కూలబడి, ఆళ్లగడ్డలో విన్నదంతా చెప్పింది. రాయి గురించి, ఉంగరం గురించి, నీళ్ల గురించి. తన పూచీ మీద తెచ్చిన రాయి, తనే చూసుకోవాల్సింది, తప్పు తనదే, సుబ్బయ్యకు చెప్పినాను, లేపేద్దాం, కూడికకు బాత్రూం టైల్స్ అయినా పర్లేదు, నీళ్లు మాత్రం పోయొద్దు అని చెప్పింది. సిమెంటు పగిలితే పగలనీ.

"సిమెంటు ఎప్పుడో ఆరిపాయ," అనింది లూదియా.

"మరి నీళ్లెందుకు పోస్తాండావ్?"

లూదియా బిందె పక్కన పెట్టింది. తడిచేత్తో కూతురి తల పట్టుకుని, చిన్నప్పుడు జడ వేసేటప్పుడు వంచినట్టు, రాయి మీదికి వంచింది.

"ఇను."

చెంపకు రాయి చల్లగా తగిలింది. చెవి పక్కనే ఒక నత్త ఆగి, కొమ్ములు ముడుచుకుని, మళ్లీ చాచింది. ముందు ఏమీ లేదు. తర్వాత లోపల, చాలా కింద, మొదలైంది. తొట్టెలో కరెంటు పోయినప్పుడు విన్న చప్పుడే. ఇప్పుడు నాలుక మీదున్నది బయటికొచ్చింది. నల్లబల్ల మీద సుద్దముక్క. ఒక వరస రాసి, ఆగి, కింది వరసకు దిగి, మళ్లీ రాస్తాంది. తొందర లేదు. వెనక బెంచీ పిల్లలకు అర్థమైందో లేదో చూసుకుంటా రాసే చెయ్యి అది. చివరికి పొడుగ్గా ఒక గీత. దాని కింద ఇంకో గీత.

జెస్సికా చెవి ఇంకా గట్టిగా ఆనించి టక్కు కోసం చూసింది.

రాలేదు. చప్పుడు సన్నగై, దూరమై, ఆగిపోయింది. తల ఎత్తి చూస్తే రాయి అంచులు ఆరి బూడిదరంగుకు తిరుగుతాండాయి. అక్షరాల్లో నీళ్లు ఇంకిపోతాండాయి. నీళ్లు తగ్గే కొద్దీ నత్తలు మొనలు ముందు పెట్టి ఒక్కొక్కటే రాయిలోకి దిగిపోతాండాయి.

"దినం ఇంతే," అనింది లూదియా. "రెండు గీతల కాడికొచ్చి ఆగిపోతాడు. నీళ్లు సాలవు."

అది నాయన కాదమ్మా, నత్తలు అని చెప్పడానికి జెస్సికా నోరు తెరిచింది. నత్త నాలుక గురించి చెప్పొచ్చు. రాయి బోలుగా ఉంటే చప్పుడు ఎట్లా పెద్దదవుతుందో చెప్పొచ్చు. ఆ రెండు గీతల దగ్గరికొచ్చేసరికి ఆమె దగ్గర చెప్పడానికేమీ లేదు.

అప్పుడే చూసింది. తలవైపు గుండ్రటి అంచు నుంచి సిలువ పక్కగా పేరు దాకా వెంట్రుక మందాన ఒక పగులు. మొన్న రాయి పరిచేటప్పుడు చేత్తో తడిమి తడిమి చూసుకునింది, అప్పుడది లేదు. వేలు పెట్టి చూస్తే అంచులు లోపలికి కాదు, బయటికి లేచి ఉన్నాయి. చేతి కణుపుతో రాయిని కొట్టింది. గంట మాదిరి పలకలేదు. నిండుకుండ మాదిరి పలికింది.

ఫోన్ మోగింది. సుబ్బయ్య మేస్త్రీ. మనుషులు దొరికినారు, గడ్డపారలు తెస్తాండాం, వచ్చేయమంటావా అని అడగడానికే అయ్యుంటుంది. లూదియా ఫోన్ వైపు చూడలేదు. కూతురి వైపు కూడా చూడలేదు. ఆరిపోతాన్న పేరునే చూస్తాంది, పొయ్యి మీద పాలు పొంగేదాకా చూసినట్టు.

ఫోన్ మోగి మోగి ఆగింది. మళ్లీ మోగింది. జెస్సికా దాన్ని ఆఫ్ చేసి, చున్నీతో చెంప తుడుచుకుని లేచింది. బిందె తీసుకుని, నాలుగు వరసలు దాటి, కొళాయి వైపు నడిచింది.

వెనక నుంచి లూదియా అనింది.

"అంచుదాకా పట్టుకరా."